సిడ్ బారెట్‌ను తలచుకునే సాయంత్రం: ఏం వినాలి, ఏం చెప్పాలి, ఏం వదిలెయ్యాలి

జూలై 7 సిడ్ బారెట్ వర్ధంతి. 2006లో ఆ రోజు కేంబ్రిడ్జ్‌లో, 60 ఏళ్ల వయసులో, క్యాన్సర్‌తో పోయాడు. బ్రిటిష్ రాక్ బ్యాండ్ పింక్ ఫ్లాయిడ్‌కి ఆ పేరు పెట్టింది ఇతనే, మొదటి పాటలు రాసి పాడిందీ ఇతనే, ఆ బ్యాండ్ ప్రపంచమంతా తెలిసే సమయానికి అందులో లేనిదీ ఇతనే. ఏటా ఈ రోజు రాగానే తిరిగే కథ ఒకటే: గొప్ప ప్రతిభ, డ్రగ్స్, మతి చెడడం, తలుపులు మూసుకోవడం. ఆ కథంతా విన్నాక కూడా ఒక్క పాట వినాలని ఎవరికీ అనిపించదు, నా బాధ అదే.

అందుకే నలుగురు స్నేహితుల్ని ఇంటికి పిలిచి ఇతన్ని తలచుకోవాలనుకునేవాళ్ల కోసం, ఆ సాయంత్రాన్ని ఎలా నడపాలో రాస్తున్నాను. నేను పాటించే పద్ధతి ఇదే. అతను చేసిన పనికి ఎక్కువ సమయం ఇవ్వండి, ఆ పని ఆగిపోయిన తీరుకి తక్కువ సమయం ఇవ్వండి, ఆ తర్వాత అతను మామూలుగా బతికిన ముప్పై ఏళ్లని అతనికే వదిలెయ్యండి. మిగతా వివరాలన్నీ దీన్నుంచి వచ్చినవే.

ముందు ఏర్పాట్లు

ఎనిమిది మంది దాటకుండా చూసుకోండి, దాటితే మాటలే ఎక్కువవుతాయి. ఫోన్ స్పీకర్‌తో పని జరగదు. ఎడమ, కుడి వేరువేరుగా వినిపించే రెండు స్పీకర్లు కావాలి, ఎందుకంటే 1967 నాటి స్టీరియో మిక్స్‌లో గిటార్ ఒక చెవిలోంచి ఇంకో చెవిలోకి పరిగెడుతుంది, అది పోతే సగం పాట పోయినట్టే. పాటలు ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి, జూలైలో మన దగ్గర వర్షం, కరెంటు, నెట్ ఎప్పుడు ఎలా ఉంటాయో చెప్పలేం. యాడ్స్ మధ్యలో రాని అకౌంట్ ఎవరి దగ్గరుందో ఆ రోజు పొద్దున్నే కనుక్కోండి.

మనవాళ్లు సంస్మరణ సభ అనగానే ఫోటో, దండ, వరసగా ప్రసంగాలు అనుకుంటారు. ఫోటో పెట్టండి, తప్పేం లేదు, కానీ ఏ ఫోటో అన్నది ముఖ్యం. 1967 నాటిది గానీ, తర్వాత రెండేళ్లకి సిడ్ లండన్ ఫ్లాట్‌లో ఫోటోగ్రాఫర్ మిక్ రాక్ తీసినవాటిలో ఒకటి గానీ పెట్టండి. ఆ రెండోదాంట్లో నేలంతా చెక్క పలకలు, ఒకటి నారింజ రంగు, పక్కది ఊదా రంగు, అలా గది చివరిదాకా చారలు. సిడ్ స్వయంగా వేసిన రంగులవి. అతను మొదట పెయింటర్. లండన్ వచ్చింది కూడా క్యాంబర్‌వెల్ ఆర్ట్ కాలేజీలో చదవడానికే. ఆ నేల చూస్తే ఇతను పాటని ఎలా చూశాడో కొంత అర్థమవుతుంది. 1975 నాటి ఫోటో మాత్రం పెట్టకండి, కారణం తర్వాత చెప్తాను.

పిలిచినవాళ్లలో చాలామందికి పింక్ ఫ్లాయిడ్ అంటే ఇంజినీరింగ్ హాస్టల్ గదిలో అర్ధరాత్రి విన్న ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్ (1973), ద వాల్ (1979) ఆల్బమ్‌లే అయ్యుంటాయి. వాళ్లకి ముందే చెప్పండి: ఈ రోజు వినబోయేది అది కాదు, ఆ గంభీరమైన నెమ్మదైన సంగీతం కోసం ఎదురుచూస్తే నిరాశపడతారు. ఇది ఇంకా 22 ఏళ్లు కూడా నిండని కుర్రాడి పని. పిల్లల పాటల్లాంటి మాటలు ఉంటాయి, వెనకాల భయపెట్టే శబ్దాలు ఉంటాయి, రెండూ ఒకే మూడు నిమిషాల్లో ఉంటాయి. ఆ మాట ముందు చెప్పకపోతే పదో నిమిషానికే ఎవరో ఒకరు "మనీ పాట పెట్టండి" అంటారు.

మొదటి గంట: వినడమే

ముందు రెండు సింగిల్స్. 1967 మార్చిలో వచ్చిన ఆర్నాల్డ్ లేన్, జూన్‌లో వచ్చిన సీ ఎమిలీ ప్లే. రెండూ కలిపి ఆరు నిమిషాలు కూడా ఉండవు. మొదటి పాట రాత్రిపూట దండేల మీద ఆరేసిన ఆడవాళ్ల బట్టలు దొంగిలించే మనిషి గురించి. కేంబ్రిడ్జ్‌లో సిడ్ వాళ్ల అమ్మ, బ్యాండ్‌మేట్ రోజర్ వాటర్స్ వాళ్ల అమ్మ ఇద్దరూ ఇళ్లలో విద్యార్థినులకి గదులు అద్దెకి ఇచ్చేవారు, ఆ దండేల మీంచి నిజంగానే బట్టలు పోయేవట. అలాంటి విషయం మీద పాప్ పాట రాయొచ్చని ఎవరికి తడుతుంది? రేడియో లండన్ అనే స్టేషన్ ఆ పాట వెయ్యనంది, అయినా అది బ్రిటన్ చార్టుల్లో 20వ స్థానం దాకా వెళ్లింది. రెండోది 6 దాకా వెళ్లింది. ఈ సంగతి కచ్చితంగా చెప్పండి, ఎందుకంటే సిడ్‌ని ఎవరికీ అర్థం కాని వింత కళాకారుడిగా ఊహించుకోవడం మనకి అలవాటైపోయింది. అతను హిట్లు రాశాడు. అందరూ ఈలవేసుకునే ట్యూన్లు రాశాడు.

తర్వాత 1967 ఆగస్టులో వచ్చిన మొదటి ఆల్బమ్ మొత్తం వినండి. ముక్కలుగా వద్దు, మొదటి నుంచి చివరిదాకా, సుమారు 42 నిమిషాలు. పేరు ద పైపర్ ఎట్ ద గేట్స్ ఆఫ్ డాన్, కెనెత్ గ్రేమ్ రాసిన పిల్లల పుస్తకంలో ఒక అధ్యాయం పేరది. 11 ట్రాకుల్లో 8 సిడ్ ఒక్కడే రాసినవి. ఒక జాగ్రత్త: అప్పట్లో అమెరికాలో వేరే వరసతో విడుదలైంది, అందులో మొదటి పాటా చివరి పాటా రెండూ తీసేశారు. మీ దగ్గరున్నది ఆస్ట్రానమీ డామినేతో మొదలై బైక్‌తో ముగిస్తే అదే అసలుది. లేకపోతే వరస మీరే సరిచేసుకోండి.

పాటల మధ్యలో ఆపి వివరించకండి. వివరించాలని ప్రాణం కొట్టుకుంటుంది, నాకు తెలుసు, అయినా వద్దు. మొదలుపెట్టే ముందు రెండు మూడు మాటలు చెప్పి వదిలేస్తే చాలు. మొదట్లో గ్రహాల పేర్లు చదివే గొంతు వాళ్ల మేనేజర్ పీటర్ జెన్నర్‌ది, మెగాఫోన్‌లో చదివాడు. మధ్యలో దాదాపు పది నిమిషాల పాటు మాటల్లేకుండా సాగే ఇంటర్‌స్టెల్లార్ ఓవర్‌డ్రైవ్‌కి పుట్టుక సరదాగా ఉంటుంది: జెన్నర్ తనకి సరిగా గుర్తులేని ఒక పాట ట్యూన్‌ని కూనిరాగం తీస్తుంటే, సిడ్ దాన్ని గిటార్ మీద పట్టుకోబోయాడు, చివరికి వచ్చింది ఇంకేదో. ఆ ఇంకేదో పట్టుకుని లండన్ టాటెన్‌హమ్ కోర్ట్ రోడ్‌లో యూఫో అనే సెల్లార్ క్లబ్‌లో రాత్రుళ్లు వాయించేవారు, గోడల మీద రంగునూనెల బొమ్మలు కదులుతుంటే. ఇది రికార్డు చేసింది ఇఎమ్ఐ వాళ్ల ఆబీ రోడ్ స్టూడియోలో. అదే సమయంలో అదే బిల్డింగులో బీటిల్స్ కూడా రికార్డింగులో ఉన్నారు. ప్రొడ్యూసర్ నార్మన్ స్మిత్, అంతకు ముందు బీటిల్స్‌కి ఇంజినీరుగా చేసినవాడు.

బైక్ పాట దగ్గర మాత్రం వాల్యూమ్ కొంచెం పెంచండి. సైకిలు, కోటు, ఎలుక, బిస్కెట్ మనుషులు, ఇలా ఒక కుర్రాడు తనకి నచ్చిన అమ్మాయికి తన దగ్గరున్నవన్నీ ఒక్కొక్కటిగా చూపిస్తుంటాడు, చివరికి ఇంకో గదిలోకి రమ్మంటాడు. ఆ గదిలోకి వెళ్లగానే పాట ఆగిపోయి గడియారాల చక్రాలు, గంటలు, ఏవేవో యంత్రాలు మొదలవుతాయి, ఆఖర్న బాతులు నవ్వినట్టుండే ఒక శబ్దం తిరిగి తిరిగి వచ్చి ఆగిపోతుంది. దీని తర్వాత వెంటనే ఎవరూ మాట్లాడరు. మాట్లాడకపోతే మాట్లాడించకండి, టీ పెట్టండి.

గిటార్ ఉన్నవాళ్లు వస్తే

టీ తాగే సమయంలో ఆ గిటార్ శబ్దాన్ని చేతులతో చేసి చూపిస్తే ఎన్ని ప్రసంగాలు చేసినా రాని అవగాహన వస్తుంది. సిడ్ వాయించింది ఫెండర్ ఎస్క్వైర్, దాని మీద గుండ్రటి అద్దాలు అంటించుకున్నాడు, లైట్లు పడితే హాలంతా మెరుపులు. పక్కన బిన్సన్ ఎకోరెక్ అనే ఇటాలియన్ ఎకో మెషిన్. టేపు బదులు లోపల తిరిగే అయస్కాంతపు డిస్కు ఉంటుంది దానికి. మనకది దొరకదు, అక్కర్లేదు కూడా, మామూలు డిలే పెడల్ గానీ, ఫోన్‌లో డిలే యాప్ గానీ చాలు. ఆలస్యం సెకనులో మూడో వంతు దగ్గర పెట్టి, రిపీట్లు నాలుగైదు వచ్చేలా తిప్పండి. ఇప్పుడు ఖాళీ స్టీల్ లైటర్ ఒకటి తీసుకోండి, జిప్పో లాంటిది, లోపల ఇంధనం లేకుండా. తీగల్ని ఫ్రెట్ మీదికి నొక్కకుండా ఊరికే ఆనించి పైకీ కిందికీ జార్చండి, కుడి చేత్తో ఒక్కసారి మీటి వదిలెయ్యండి. శ్రుతి గురించి ఆలోచించకండి. ఎకో మీద ఎకో పడి, పాత శబ్దంతో మీరే జుగల్‌బందీ చేస్తున్నట్టు అవుతుంది.

ఇది కూడా పూర్తిగా అతను కనిపెట్టింది కాదు. ఎఎమ్ఎమ్ అనే బృందంలో కీత్ రో గిటార్‌ని బల్ల మీద పడుకోబెట్టి వస్తువులతో వాయించేవాడు, సిడ్ అది చూసి నేర్చుకున్నాడు. కానీ ఆ ప్రయోగాన్ని మూడు నిమిషాల పాప్ పాటలోకి తెచ్చి, పాట ఎక్కడా తునిగిపోకుండా నిలబెట్టింది ఇతనే. విజనరీ అని అందరూ వాడే మాటకి ఇక్కడ అసలు అర్థం ఇది. డ్రగ్స్ వల్ల వచ్చిన దర్శనం కాదది, ఆర్ట్ స్కూల్ కుర్రాడు చెవులు తెరుచుకుని చేసిన పని.

కథలు చెప్పేటప్పుడు

ఇక అందరూ ఎదురుచూసే భాగం వస్తుంది, "అసలేమైంది?" అని అడుగుతారు. దాటవెయ్యకండి, దాటవేస్తే దాని మీదే మాట్లాడుకుంటారు. తెలిసింది తెలిసినంతే చెప్పండి. 1967లో ఎల్ఎస్‌డి చాలా తీసుకున్నాడు, ఇతర మత్తుబిళ్లలూ ఉన్నాయి. ఆ వేసవి తర్వాత మనిషి మారిపోయాడని దగ్గరివాళ్లందరూ అన్నారు. స్టేజీ మీద ఒక్కోసారి వాయించేవాడు కాదు. నవంబర్‌లో అమెరికా టూర్ మధ్యలోనే ఆపేసి వెనక్కి రావాల్సొచ్చింది. 1968 జనవరిలో కేంబ్రిడ్జ్ నాటి స్నేహితుడు డేవిడ్ గిల్మర్‌ని ఐదోవాడిగా తెచ్చుకున్నారు. నెలాఖరులో సౌతాంప్టన్‌లో ప్రోగ్రాముకి వెళ్తూ, సిడ్‌ని ఎక్కించుకుందామా అంటే వద్దులే అనుకున్నారు. అలా అయిపోయింది. ఏప్రిల్‌లో అధికారికంగా ప్రకటించారు. ఇరవై రెండేళ్ల కుర్రాడు, వాళ్లూ ఇరవైల్లోవాళ్లే. ఎవర్నీ విలన్ చెయ్యకండి. వ్యాన్‌లో ఉన్న ఎవరికీ ఏం చెయ్యాలో తెలియలేదు.

చెప్పకూడని కథలు కొన్ని ఉన్నాయి, చాలా పాపులర్ కథలే. జుట్టులో బిళ్లలు నలిపి క్రీముతో రాసుకుని స్టేజీ ఎక్కితే లైట్ల వేడికి మొహం మీదికి కారిందనే కథ ఉంది చూశారా, అది ఒక్కొక్కరు ఒక్కోలా చెప్తారు, చూశామన్నవాళ్ల మాటలే ఒకదానికొకటి పొంతన కుదరవు. వినడానికి సినిమా సీనులా ఉంటుంది కాబట్టే బతికి ఉంది. గదిలో నవ్వు తెప్పించే ప్రతి కథ దగ్గరా ఒక్కసారి ఆగి, ఈ మనిషి మన తమ్ముడైతే ఇది ఇలాగే చెప్పుకునేవాళ్లమా అని చూసుకోండి. లేదనిపిస్తే వదిలెయ్యండి.

చెప్పదగ్గ కథ ఒకటుంది, అది కూడా పాట పెట్టి చెప్పాలి. జగ్‌బ్యాండ్ బ్లూస్, పింక్ ఫ్లాయిడ్ రెండో ఆల్బమ్‌లో చివరి పాట, ఆ బ్యాండ్‌తో అతని ఆఖరి పాట. దీని కోసం సాల్వేషన్ ఆర్మీ బ్యాండు వాళ్లని, అంటే బాకాలూ ట్రంపెట్లూ ఊదేవాళ్లని, స్టూడియోకి రప్పించారు. నొటేషన్ ఇవ్వాలని ప్రొడ్యూసర్ పట్టు, మీకేది తోస్తే అది వాయించండని సిడ్ పట్టు. పాట మధ్యలో ఆ బ్యాండ్ కాసేపు క్రమంగా నడిచి, ఉన్నట్టుండి ఎవరికి వారై చెల్లాచెదురైపోతుంది, తర్వాత అంతా ఆగిపోయి సిడ్ ఒక్కడే గిటార్ పట్టుకుని చివరి లైన్లు పాడతాడు. తను ఈ గదిలో ఉన్నాడో లేడో తనకే తెలియనట్టు మాట్లాడే ఆ పాటని మతి తప్పినవాడు రాశాడని అనుకోవడం నాకు సాధ్యం కావట్లేదు. జరుగుతున్నది అతనికి పూర్తిగా తెలుసు. అందుకే అది అంత భారంగా ఉంటుంది.

అదే కాలంలో రికార్డు చేసి దశాబ్దాల పాటు బయటికి రాకుండా ఉండిపోయి 2016లో బాక్స్ సెట్‌లో వచ్చిన రెండు పాటలున్నాయి, వెజిటబుల్ మ్యాన్ అందులో ఒకటి. దొరుకుతుంది కదా అని కొత్తవాళ్లకి అది మొదట వినిపించకండి. సిడ్ తన గురించి తానే అంత నిర్దయగా రాసుకున్న పాట, అతని మిగతా పాటలు ప్రేమించాక వినాల్సినది.

1970 పాటలు, నెమ్మదిగా

1970లో రెండు సోలో ఆల్బమ్‌లు వచ్చాయి, జనవరిలో ద మ్యాడ్‌క్యాప్ లాఫ్స్, నవంబర్‌లో బారెట్. మొదటిది పూర్తి చెయ్యడానికి గిల్మర్, వాటర్స్ కూర్చున్నారు, రెండోది గిల్మర్, బ్యాండ్‌లో కీబోర్డ్ వాయించే రిక్ రైట్ కలిసి చేయించారు. బ్యాండ్‌లోంచి పంపేసినవాళ్లే వెనక్కి వచ్చి అతని పక్కన కూర్చుని పని చేయించారన్నది చాలామంది చెప్పడం మర్చిపోతారు.

ఇవి మొత్తం వినిపించొద్దు. మూడు నాలుగు పాటలు చాలు, మధ్యలో విరామం ఇచ్చి. తాళం పట్టే అలవాటున్నవాళ్లు, మృదంగమో తబలానో నేర్చుకున్నవాళ్లు గదిలో ఉంటే వాళ్లని చేత్తో వేసి చూడమనండి. నాలుగు అనుకున్నచోట ఐదవుతుంది, ఒక లైను ముందే అయిపోతుంది, ఇంకో లైను సాగుతుంది. లెక్క ప్రకారం కాదు, ఊపిరి ప్రకారం పోతుంది పాట. సిడ్ ముందు ఒక్కడే పాడేసి ఇస్తే, సాఫ్ట్ మెషిన్ అనే బ్యాండ్ వాళ్లు దాని మీద తర్వాత వాయించాల్సొచ్చింది. ఇది ఏ స్కేల్‌లో ఉందని అడిగితే "అవును" అనేవాడని వాళ్లలో రాబర్ట్ వాయట్ చెప్పాడు. మళ్లీ మళ్లీ ప్రయత్నించి ఆ మలుపులన్నీ నేర్చుకున్నారు పాపం.

నేను పెట్టేవి: టెరాపిన్, డార్క్ గ్లోబ్, డామినోస్, తర్వాత ఓపెల్. డార్క్ గ్లోబ్ రెండు నిమిషాల పాట, గొంతు అందని పైస్థాయికి వెళ్లి చీలిపోతుంది, ఎవరైనా కదిలిపోతారు. డామినోస్‌లో టేపు వెనక్కి తిప్పిన గిటార్ ఉంది, చల్లగా ఉంటుంది, డార్క్ గ్లోబ్ తర్వాత అది కావాలి కూడా. ఓపెల్ 1969లో రికార్డు చేసిన పాట, ఎందుకో ఆల్బమ్‌లోకి తీసుకోలేదు, 1988లో గానీ జనానికి వినపడలేదు. ఆరు నిమిషాలు పైన. నా మటుకు నాకు అతని గొప్ప పాట అదే, చివర్లో ఒకే మాటని తిరిగి తిరిగి పాడుతుంటే వెతుకుతున్న మనిషి కనిపిస్తాడు.

మొదటి సోలో ఆల్బమ్‌లో ఒకచోట పాడబోయి తప్పి, మళ్లీ మొదలుపెట్టి, విసుక్కునే మాటలు కూడా తీసెయ్యకుండా ఉంచేశారు. అది ఉంచాలా వద్దా అన్న వాదన ఇప్పటికీ ఉంది. నిజాయితీ అని కొందరంటారు. నాకైతే ఉంచకుండా ఉండాల్సింది అనిపిస్తుంది, ఏ గాయకుడి తప్పు టేకులైనా ఆ గాయకుడివే గానీ మనవి కావు. నేను ఆ ట్రాక్ వెయ్యను.

1975 రోజు గురించి

ఎవరో ఒకరు తప్పకుండా తెస్తారు. 1975 జూన్ 5న ఆబీ రోడ్‌లో పింక్ ఫ్లాయిడ్ పని చేసుకుంటుంటే ఒక లావుపాటి మనిషి లోపలికొచ్చాడు, తల, కనుబొమలు గొరిగేసుకుని, చేతిలో ప్లాస్టిక్ సంచితో. చాలాసేపు ఎవరూ గుర్తుపట్టలేదు. గుర్తుపట్టాక వాటర్స్ ఏడ్చేశాడు. అప్పుడు వాళ్లు చేస్తున్నది షైన్ ఆన్ యూ క్రేజీ డైమండ్, సిడ్ గురించి రాసిన పాటే.

ఇందులో ఒక తప్పు సరిదిద్దండి: అతను రావడం చూసి ఆ పాట రాశారని చాలామంది అనుకుంటారు. పాట 1974లోనే కచేరీల్లో వాయించారు. రాకముందే వాళ్ల మనసులో అతనున్నాడు, అది చెప్తే కథ ఇంకా బాగుంటుంది. ఆ రోజు తీసిన ఫోటో ఉంది, ప్రతి జూలైలో తిప్పుతుంటారు, పక్కన 1967 ఫోటో పెట్టి ముందు, తర్వాత అని. దయచేసి ఆ పని చెయ్యకండి. ఇరవై తొమ్మిదేళ్ల మనిషి ఒంట్లో బాలేని రోజున పాత స్నేహితుల్ని చూడ్డానికి వచ్చాడు. అందులో మనం చూడాల్సింది ఏం లేదు. పాట మాత్రం పూర్తిగా పెట్టండి, రెండు భాగాలూ, సుమారు 26 నిమిషాలు, లైట్లు తగ్గించి.

రోజర్‌కి ఇవ్వాల్సింది

ఇక్కడినుంచి అతన్ని సిడ్ అనకండి. అసలు పేరు రోజర్ కీత్ బారెట్, కేంబ్రిడ్జ్‌కి తిరిగొచ్చాక ఆ పేరుతోనే ఉన్నాడు. కొన్నాళ్లు అమ్మతో, ఆ తర్వాత ఒంటరిగా, సెయింట్ మార్గరెట్స్ స్క్వేర్‌లో మామూలు ఇంట్లో. బొమ్మలు వేసేవాడు, ఫోటో తీసుకుని చాలావాటిని తగలబెట్టేసేవాడు. తోటపని, చెక్కపని చేసుకునేవాడు, సైకిల్ మీద సామాన్లు తెచ్చుకునేవాడు. గిల్మర్ ఆ పాత పాటల రాయల్టీలు అతనికి అందేలా చూసుకున్నాడు, కాబట్టి అనాథలా దిక్కులేకుండా పోయాడన్నది కూడా నిజం కాదు. అభిమానులు, ఫోటోగ్రాఫర్లు తలుపు కొట్టడం అతనికి నచ్చేది కాదు. 2001లో తన మీద బీబీసీ డాక్యుమెంటరీ వస్తే చెల్లెలి ఇంట్లో చూశాడు, కొంచెం గోలగా ఉందన్నాడట, తన పాత ఇంటి ఓనరు మైక్ లెనర్డ్‌ని, సీ ఎమిలీ ప్లేని మళ్లీ చూసి, విని సంతోషించాడట.

ఈ భాగం ఐదు నిమిషాల్లో ముగించండి. ఇక్కడ చెప్పడానికి కథ లేదు, అదే చెప్పాలి. పాటలు రాయడం మానేసిన ప్రతి మనిషీ ఓడిపోయినవాడు కాదు.

పోయాక ఏం జరిగిందో కూడా రెండు ముక్కలు: 2006 నవంబర్‌లో కేంబ్రిడ్జ్‌లోనే అతని వస్తువులు వేలం వేశారు, సైకిళ్లు, తను చేసుకున్న బల్లలు, పుస్తకాలు. దాదాపు 1,20,000 పౌండ్లు వచ్చాయి, ఆర్ట్ విద్యార్థుల సాయానికి ఉద్దేశించిన డబ్బు అది. 2007 మే 10న లండన్ బార్బికన్‌లో అతని పాటల కచేరీ పెట్టారు. డేమన్ ఆల్బర్న్, క్రిసీ హైండ్, రాబిన్ హిచ్‌కాక్ లాంటివాళ్లు వచ్చారు. వాటర్స్ విడిగా ఒక పాట పాడి వెళ్లాడు, బ్యాండ్‌లో మిగతా ముగ్గురూ, గిల్మర్, రైట్, డ్రమ్మర్ నిక్ మేసన్, ఆర్నాల్డ్ లేన్ వాయించారు. అదే రోజు, అదే హాలు, అయినా నలుగురూ కలిసి స్టేజీ ఎక్కలేదు. తర్వాతి ఏడాది రిక్ రైట్ కూడా పోయాడు. 2002లో వాటర్స్ బెంగళూరు వచ్చినప్పుడు వెళ్లి చూసినవాళ్లు మీ గుంపులో ఉంటే, మైకు లాంటిది ఎవరికైనా ఇవ్వాలంటే వాళ్లకే ఇవ్వండి.

జబ్బు మాట వచ్చినప్పుడు

స్కిజోఫ్రెనియా అని ఒకరు, ఎల్ఎస్‌డి అని ఇంకొకరు, ఆటిజం అని మరొకరు తేల్చేస్తుంటారు. మీ గదిలో సైకియాట్రిస్ట్ ఉన్నా సరే, చూడని మనిషికి పేరు పెట్టనివ్వకండి. అతని చెల్లెలు రోజ్‌మేరీ, అన్నని దగ్గరుండి చూసుకున్న మనిషి, ఆ ముద్రలని ఒప్పుకోలేదు. ఆమె మాటకి మన ఊహలకంటే విలువుంది. ఇంకో వైపు నుంచి "పిచ్చి ఉంటేనే గొప్ప కళ వస్తుంది" అనేవాళ్లు కూడా ఉంటారు, వాళ్లకి తేదీలు చూపించండి. గొప్ప పాటల్లో చాలావరకు బాగున్నప్పుడు రాసినవి. జబ్బు వాటిని ఇవ్వలేదు, ఆపేసింది.

ఇలాంటి సాయంత్రం ఒక్కోసారి ఎవరిదో సొంత బాధ బయటికి వస్తుంది. ఇంట్లో ఒక తమ్ముడో, తనే కావచ్చు. అప్పుడు పాట ఆపెయ్యండి, ప్రోగ్రాం చెడిపోయినా పర్లేదు. కేంద్ర ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416, ఫ్రీ, ఏ సమయానికైనా చెయ్యొచ్చు, తెలుగులో మాట్లాడొచ్చు. ఆ నంబరు ఒక కాగితం మీద రాసి టీ పెట్టిన చోట ఉంచండి, అడిగే అవసరం లేకుండా తీసుకుంటారు.

బ్రిటన్‌లో ఉన్నవాళ్లకి

కేంబ్రిడ్జ్ లండన్ నుంచి రైలులో గంటలోపే, చదువుకుంటున్న మన పిల్లలూ చాలామంది ఉన్నారక్కడ. సెయింట్ మార్గరెట్స్ స్క్వేర్‌కి వెళ్లకండి. ఇప్పుడు అక్కడ వేరేవాళ్లు ఉంటున్నారు, అతను బతికుండగానే ఆ వీధి వాళ్లని అభిమానులు విసిగించింది చాలు. వెళ్లాల్సింది కార్న్ ఎక్స్చేంజ్‌కి. 1972లో స్టార్స్ అనే బ్యాండ్‌తో అతను చివరిసారిగా వాయించిన రోజుల్లోని హాలు అది, 2016 అక్టోబర్‌లో అతని స్మారకంగా ఒక కళాకృతిని అక్కడే ఆవిష్కరించారు. ఆ రోజు హాల్లో ఏదైనా కచేరీ ఉంటే టిక్కెట్ కొనుక్కుని వినండి, ఎవరిదైనా సరే, పేరు తెలియని కుర్రాళ్ల బ్యాండైతే మరీ మంచిది.